గుమ్మడిగట్టు ఇంగువ కేసు

గుడిని సాయుధులు ఆక్రమించారన్న సంగతి నాకు కూరగాయల సింహాద్రి చెప్పాడు. బండి ఆపి, వంకాయలు తూచి, కొసరు వేసి, అప్పుడు చెప్పాడు.

"అమ్మగారూ, అయ్యగారిని గుళ్ళో బంధించేశారంట."

"ఎవరు?"

"ఎవరో స్వాములంట. తుపాకులు కూడా ఉన్నాయంట. కొత్తిమీర ఇమ్మంటారా?"

తీసుకున్నాను. అంత కబురు విని కూడా చెయ్యి అలవాటుగా చాచాను. ఆ తర్వాత చాలా రోజులు గుమ్మడిగట్టులో ఎవరింటికీ కొత్తిమీర రాలేదు.

మా ఆయన పేరు త్రియంబకం. గుమ్మడిగట్టు వేణుగోపాలస్వామి దేవస్థానంలో ప్రసాదాల విభాగం సూపరింటెండెంటు. పేరు వింటే మూడో కన్ను తెరిచేస్తాడేమో అనిపిస్తుంది గానీ, ఉన్న రెండు కళ్ళూ పైకెత్తి ఎవరితోనూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఆఫీసులో ఫ్యాను పాడైతే కుర్చీ జరుపుకుంటారు తప్ప ఫిర్యాదు చెయ్యరు. ఆయన పట్టుదలంతా ఒక్క ఇంగువ దగ్గరే. కాంట్రాక్టరు పిండి కలిపిన ఇంగువ పంపితే, కళ్ళు మూసుకుని ఒక్కసారి వాసన చూసి, "ఇది స్వామికి పెట్టేది కాదండీ" అని తిప్పి పంపేసేవారు. అందుకే మా గుడి పులిహోర వాసన కొండ దిగి బస్టాండు దాకా వచ్చేది. కండక్టరు ఊరి పేరు అరవనక్కర్లేదు. నిద్రలో ఉన్నవాళ్ళు కూడా ముక్కులు ఎగబీలుస్తూ లేచి దిగిపోయేవాళ్ళు.

ఆ ఇంగువే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

జరిగిందేమిటంటే, తెల్లవారుజామున 'స్వచ్ఛ నైవేద్య సేన' అని ఒక భజన బృందం లారీలో వచ్చింది. అరటిబోదెలు తెచ్చారు. బోదెల్లో తుపాకులున్నాయి. చెప్పులు మాత్రం పద్ధతిగా చెప్పుల స్టాండులో పెట్టి టోకెన్లు తీసుకున్నారు. లోపలికెళ్ళి తలుపులు వేసి, దర్శనంలో ఉన్న జనాన్ని బయటికి పంపేసి, సరాసరి వంటశాల సామాన్ల గదికి వెళ్ళి, ఇంగువ డబ్బా మీద ఒక గుండు పేల్చారు. డబ్బాకు చిల్లు పడింది. ఇంగువ పొడి గాల్లోకి లేచింది. సేన మొత్తం అరగంట తుమ్మింది. ఆ అరగంటలో మా ఆయన పారిపోవచ్చు. కానీ సామాన్ల గది తాళం ఆయన బాధ్యత. గది తెరిచి ఉండగా వదిలి వెళ్ళడానికి ఆయనకు మనసొప్పలేదు.

సేనాధిపతి పేరు దండపాణి. కాషాయం కట్టక ముందు ఆయన జిల్లా కేంద్రంలో పోటీ పరీక్షలకు జనరల్ నాలెడ్జ్ చెప్పే మాస్టారు. సేనలో ఉన్నవాళ్ళంతా ఆయన శిష్యులే. ఏ పరీక్షా నెగ్గలేదు గానీ, చదివింది ఎవరూ మరిచిపోలేదు.

గుడి మైకులో ఆయన గొంతు కొండంతా వినపడింది.

"భక్తులారా! తరతరాలుగా మన స్వామి నోట పరదేశపు పదార్థము పడుచున్నది! ఇంగువ జన్మస్థలం?"

"ఆఫ్ఘనిస్తాన్!" అని సేన ఒక్క గొంతుతో అరిచింది.

"ఈ మహాపచారమునకు బాధ్యుడు?"

"త్రియంబకం!"

"అతని విచారణ?"

"ఏకాదశి నాడు!"

"శిక్ష?"

తుపాకి ఎక్కుపెట్టిన చప్పుడు మైకులో వినపడింది.

నేను కొండ కింద చెక్‌పోస్టు దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే అక్కడ ప్రభుత్వం టెంటు వేసి, కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగింది. ప్రత్యేకాధికారి విశ్వంభరరావు గారు వచ్చారు. చేతులు జోడించి, ఎంతో మర్యాదగా మాట్లాడే మనిషి.

"అయ్యా, గుడిని ఆక్రమించారు, మా వారిని బందీగా పట్టుకున్నారు" అన్నాను.

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, ఆ పదాలు వాడకండి. ఆక్రమణ అని ప్రభుత్వం ఇంకా నిర్ధారించలేదు. ప్రస్తుతానికి వారిని 'నిర్ణీత సమయానికి మించి దర్శనంలో ఉన్న భక్తులు'గా పరిగణిస్తున్నాం."

"తుపాకులున్నాయి కదండీ!"

"వాటిని ఉత్సవ సామగ్రి కింద చూస్తున్నాం."

"మరి మా వారు?"

"మీ వారు బందీ కారమ్మా. నిరంతరాయంగా విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి."

"అలాగైతే ఓవర్‌టైము ఇస్తారా?" అని నోరుజారాను. భయంలో కూడా సంసారం గుర్తుకొస్తుంది కాబోలు.

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఇవ్వవచ్చు. కానీ హాజరు పట్టీ బయట ఉంది. ఆయన వచ్చి సంతకం పెట్టాలి."

తర్వాత సేన డిమాండ్ల గురించి చెప్పారు. నైవేద్యంలో విదేశీ పదార్థాలు ఉండకూడదన్నది మొదటిది. దాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేశారట. నేరస్థుడైన సూపరింటెండెంటును శిక్షించడం రెండోది.

"రెండోదానికి సూత్రప్రాయంగా మాకు అభ్యంతరం లేదని తెలియజేశాం" అన్నారు విశ్వంభరరావు గారు.

"అంటే?"

"చర్చల్లో ఏదో ఒకదానికి ఒప్పుకోవాలి కదమ్మా. మొదటిది విధానపరమైన అంశం. రెండోది ఒక్క ఉద్యోగికి సంబంధించిన చిన్న విషయం."

ఆ చిన్న విషయానికి ఉదయం నుంచి కడుపులో ఏమీ పడలేదని నాకు అప్పుడు తట్టింది. అడిగితే తెలిసింది, బందీ భోజనానికి ప్రభుత్వం దగ్గర పద్దు లేదట. నేరస్థుడికి అన్నం పెడితే వాడి దోషం తమకంటుతుందని సేన పెట్టదట. ఇద్దరూ ఒప్పుకున్న ఒకే ఒక్క అంశం, పెళ్ళాం క్యారేజీ తేవచ్చని.

* * *

గుడి గేటు దగ్గర కొండలు అని సేనలో ఒక పెద్దాయన కాపలా. పూర్వం సినిమాహాల్లో గేటు మీద పనిచేశాడు. వయసు దాటిపోయాక పరీక్షలకు కూర్చున్నాడు. భుజాన తుపాకి ఉన్నా, నన్ను చూడగానే చెయ్యి చాచి, టిక్కెట్టు కోసం చూసినట్టు చూశాడు.

"క్యారేజీ విప్పమ్మా. ఇంగువుందా?"

"లేదు బాబూ." నిజంగానే వెయ్యలేదు. ఇంగువ లేని సాంబారు మా ఇంట్లో అదే మొదటిసారి.

కొండలు గిన్నె గిన్నె వాసన చూశాడు. సాంబారు దగ్గర కొంచెం ఎక్కువసేపు చూశాడు. "ముల్లంగా, మునక్కాయా?" అని అడిగాడు. మునక్కాయ అన్నాను. "స్వదేశం" అని నిట్టూర్చి వదిలాడు.

మా ఆయన సామాన్ల గదిలో బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఉన్నారు. చొక్కా నలిగింది. చిల్లుపడ్డ ఇంగువ డబ్బాను పక్కనే పెట్టుకుని, చిల్లుకు బియ్యప్పిండి మెత్తి కాగితం అతికించారు.

"వాసన పోతోందని" అన్నారు, నేను అడగకుండానే.

"ఏవండీ, భయంగా ఉందా?"

ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగారు. "పెరట్లో కరివేపాకు మొక్కకు నీళ్ళు పోశావా?" అన్నారు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నాతో భయం అన్న మాట అనలేదు. అప్పుడూ అనలేదు. మొక్కకు పోశానని చెప్పాను. కొండ దిగుతూ మెట్ల మీద కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికి పోయాను.

మర్నాడు క్యారేజీ విప్పగానే దండపాణి గారే స్వయంగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా, సుద్దముక్క పట్టుకున్నట్టు రెండు వేళ్ళు ఎప్పుడూ గాల్లోనే ఉంచే మనిషి. బంగాళాదుంప వేపుడు వంక వేలు చూపించారు.

"దీని జన్మస్థలం?"

"దక్షిణ అమెరికా!" అని ప్రాకారం మీదనుంచి, గోపురం మీదనుంచి, ఎక్కడెక్కడి నుంచో సేన అరిచింది.

"టమాటా?"

"దక్షిణ అమెరికా!"

"ఎండుమిరపకాయ?"

ఇక్కడ కొంచెం తటపటాయింపు. గుంటూరు అని ఎవరో సన్నగా అన్నారు. దండపాణి గారు అటు చూసిన చూపుకు ఆ గొంతు మళ్ళీ వినపడలేదు.

"అమెరికా!" అన్నారు మిగతావాళ్ళు, దిగులుగా.

అలా మిరపకాయ పోయింది. నాకు క్యారేజీ మాత్రమే పోయింది. వాళ్ళకు వంటశాలే పోయింది. గుడిలో ఉన్న ఎండుమిరపకాయల బస్తాలు అరుచుకుంటూ తెచ్చి కోనేట్లో పారబోశారు. కోనేట్లో స్నానం చేసినవాళ్ళ కేకలు ఆ సాయంత్రం టెంటు దాకా వినపడ్డాయి. సేన దాడికి సిద్ధమవుతోందని పోలీసులు టోపీలు పెట్టుకున్నారు.

ఆ తర్వాత రోజుకొక తరగతి జరిగింది. జీడిపప్పు, వేరుశనగ పోయాయి. జీలకర్ర, మెంతులు, వాము పోయాయి. కొత్తిమీర పోయింది. కాఫీ పోయిన రోజు సేనలో ముగ్గురు తలనొప్పితో పడుకున్నారు. బంతిపూలు మెక్సికో నుంచి వచ్చాయని స్వామి మెడలోంచి దండలు తీసేశారు. సీతాఫలం దగ్గర మాత్రం పెద్ద గొడవే అయిందని కొండలు చెప్పాడు.

"సీతమ్మ పేరున్న పండు పరాయిదెట్లా అవుతుందమ్మా? నేను అదే అడిగాను. పేరు చూసి మోసపోతే మార్కులు పోతాయి అన్నారు మాస్టారు."

చివరికి ఒకనాడు నేను చింతపండు చారు పట్టుకెళ్ళాను. దండపాణి గారు గిన్నెలోకి చాలాసేపు చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే అబద్ధం కాదు.

"చింతపండు..." అని ఆగారు.

సేన ఊపిరి బిగబట్టింది. అడగొద్దు మాస్టారూ అన్నట్టు ఉన్నాయి వాళ్ళ మొహాలు.

"జన్మస్థలం?"

అందరూ నేల చూపులు చూశారు. తెలియక కాదు.

"చెప్పండి! నేను చెప్పలేదా మీకు? రెండుసార్లు చెప్పలేదా?"

"ఆఫ్రికా" అన్నాడు కొండలు, తండ్రి పోయిన కబురు చెప్పినట్టు.

ఇక పులిహోర అన్న మాటే లేకుండా పోయింది. అసలు ఏ పులిహోర శుద్ధి కోసం తుపాకులెత్తారో, ఆ పులిహోరే చేసే వీల్లేదు. స్వామికి ఆ రోజు నుంచి ఉడికించిన ఉలవలు, మినుములు, కంద నైవేద్యం. సేనకూ అవే. బియ్యం సంగతి కూడా తేల్చుదామని ఎవరో పుస్తకం తెచ్చారట గానీ, అందులో చైనా పేరు కనపడగానే దండపాణి గారు ఆ పేజీ మడిచేశారు.

అప్పుడే కొండలు చెయ్యెత్తాడు. క్లాసులో ఎత్తినట్టే, ఒక్క వేలు.

"మాస్టారూ, ఒక డౌటు. తుపాకిమందు జన్మస్థలం...?"

"చై..." అని ఎవరో అందుకోబోయి నోరు మూసుకున్నారు.

దండపాణి గారు కొండలు వంక చాలా శాంతంగా చూశారు. "అది సిలబస్‌లో లేదు" అన్నారు.

* * *

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని ఎవరూ అనుకోకూడదు. విశ్వంభరరావు గారు చర్చలకు అనుకూల వాతావరణం కల్పించడం మొదలుపెట్టారు. భక్తుల మనోభావాలు దెబ్బతినకుండా టెంటులో టీని, ఊళ్ళోకి వచ్చే కొత్తిమీరను ఆపేశారు. కింద బస్టాండులో మిరపకాయ బజ్జీల బండ్లను వందగజాలు వెనక్కి జరిపారు. బజ్జీలమ్మి "బాబూ, అరటికాయ బజ్జీ కూడానా?" అని అడిగితే, అరటికాయకు మినహాయింపు ఇస్తూ, శనగపిండిపై స్పష్టత కోసం పైకి రాశారు.

ఒకరోజు వెళ్ళేసరికి చెక్‌పోస్టు మీద బోర్డు మారి ఉంది. 'బూడిద గుమ్మడిగట్టు' అని రాసి ఉంది.

"ఇదేమిటండీ?" అన్నాను.

"తియ్యగుమ్మడి అమెరికా నుంచి వచ్చిందటమ్మా. బూడిదగుమ్మడి మనదే. వాళ్ళు అడిగే లోపు మనమే సవరించుకుంటే మర్యాదగా ఉంటుంది కదా. దీన్ని ముందస్తు ఏకాభిప్రాయం అంటాం."

"ఏకాదశి వచ్చేస్తోంది. మా వారి సంగతి?"

"దానికి కూడా ఏర్పాట్లు చేస్తున్నాం. ఒక అంబులెన్సు, ఒక వీడియోగ్రాఫరు. పోయినట్టయితే విధి నిర్వహణలో పోయినట్టు గుర్తించే ప్రతిపాదన కూడా పంపాను. మీరు నిశ్చింతగా ఉండండి."

ఇల్లు చేరేవరకూ నా చెవుల్లో ఆ నిశ్చింత అన్న మాటే గింగురుమంది. పొయ్యి ముందు నిలబడ్డాను. మర్నాడే దశమి. ఆపైన ఏకాదశి. ఉలవలు, మినుములు, కంద తప్ప ఏదీ గేటు దాటదు. మా ఆయనకు ఉలవలు పడవు. సాయంత్రానికి కడుపు బిగుసుకుపోతుంది. అలాంటప్పుడు మా ఇంట్లో అన్నం మొదటి ముద్దలో నెయ్యితో కలుపుకుని తినే పొడి ఒకటుంటుంది. ఎనిమిది దినుసులు వేయించి, దంచి, జల్లించి నేనే చేస్తాను. దాన్ని ఒక చిన్న సీసాలో పోసి కొంగున ముడివేసుకున్నాను. ఆఖరి రాత్రి అయినా ఆయన కడుపునొప్పి లేకుండా పడుకోవాలి. నాకు అంతకు మించి ఏమీ తోచలేదు.

* * *

దశమి నాడు గేటు దగ్గర కొండలు క్యారేజీ విప్పనైనా విప్పలేదు. ఒక చెయ్యి తుపాకి మీద, ఒక చెయ్యి పొట్ట మీద.

"వెళ్ళమ్మా. లోపల అందరి పరిస్థితీ ఇదే. నిన్న రాత్రి భజన సగంలో ఆపేశాం. ఎవరూ ఎవరి పక్కనా కూర్చోలేకపోయారు." అటూ ఇటూ చూసి, "మాస్టారు నిన్ను ఒక్కసారి రమ్మన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు" అన్నాడు.

దండపాణి గారు కల్యాణ మండపం వెనక స్తంభానికి ఆనుకుని ఉన్నారు. మొహం పాలిపోయింది. కాషాయం కింద పొట్ట డోలులా ఉంది. పక్కన రాసి పెట్టుకున్న తీర్పు ఉంది. పైన రాయి పెట్టారు.

"అమ్మా" అన్నారు. గ్రాంథికం ఎక్కడికి పోయిందో పోయింది. "కడుపుబ్బరం. మూడు రోజులైంది. అల్లం కషాయం తాగాను, మిరియాలు నమిలాను, వజ్రాసనం వేశాను. లేవలేకపోయాను, కొండలొచ్చి లేపాడు. మీరు పెద్ద ముత్తయిదువ. ఇంట్లో ఏదైనా వైద్యం..."

నా చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

"ఉందండీ. మా వారికి ఇచ్చేదే."

"ఏమిటది?"

ఇంగువపొడి అని నోటిదాకా వచ్చింది. మా ఇంట్లో దాన్ని అలాగే అంటాం. ఆ మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసు. సామాన్ల గదిలో ఉన్న మా ఆయన్ను శిక్షించడానికి రేపటి దాకా కూడా ఆగరు. నాకు మా ఊరి ఆయుర్వేదం ఆచారి గారి మందుల కొట్టూ, అద్దాల బీరువాలో సీసా మీద గుండ్రటి అక్షరాలూ గుర్తొచ్చాయి.

"హింగ్వాష్టక చూర్ణం" అన్నాను.

దండపాణి గారి కళ్ళు తెరుచుకున్నాయి.

"సంస్కృతం" అన్నారు.

"అవునండీ."

"ప్రాచీనం."

"చాలా."

ఆయన సీసా అందుకుని మూత తీశారు. తీసీ తియ్యకముందే ఆ వాసన మండపమంతా పరుచుకుంది. ఆయన ముక్కుపుటాలు అదిరాయి. సీసా మొహానికి దగ్గరగా పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"హింగు... అంటే..." అన్నారు.

"అంటే హింగువేనండీ" అన్నాను.

ఆయన నా వంక చూశారు. నేనూ చూశాను. జనరల్ నాలెడ్జ్ అంతా ఆయన కళ్ళల్లో ఒక్కసారి మెదిలింది. అదే సమయానికి కడుపులో ఏదో సుడి తిరిగినట్టుంది, నడుం వంచి మూలిగారు.

"హింగువే" అన్నారు. సీసా మొత్తం నోట్లో ఒంపుకున్నారు.

కాసేపటికి వచ్చింది తేన్పు. కింద నుంచి పైకి, ఆగి ఆగి, మండపం నాలుగు మూలలా తిరిగి గోపురానికి తగిలి వెనక్కి వచ్చింది. అది దాడి సంకేతమనుకుని సేన తుపాకులు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏం లేదు. వెళ్ళండి" అన్నారు దండపాణి గారు. చాలా రోజుల తర్వాత మనిషి మొహం మనిషి మొహంలా ఉంది. వాళ్ళు వెళ్ళాక, రాయి తీసి, తీర్పు కాగితం మడిచి నడుములో దోపుకున్నారు.

"ఇంకా ఉందా?" అని మెల్లిగా అడిగారు.

"చెయ్యాలండీ. కానీ చెయ్యాలంటే మంచి హింగు కావాలి. మంచిదేదో పిండి కలిపిందేదో వాసన చూసి చెప్పగలిగినవాళ్ళు ఈ కొండ మీద ఒక్కరే. రేపటి తర్వాత ఆయన ఉంటారో ఉండరో నాకు తెలియదు."

దండపాణి గారు ఖాళీ సీసా ఇచ్చి పంపారు. నేను మా ఆయనకు క్యారేజీ ఇచ్చి వచ్చేశాను. పొడి సంగతి చెప్పలేదు. ఆ పూట ఆయన ఉలవలు ఉత్తవే తిన్నారు.

* * *

ఏకాదశి నాడు విచారణ మైకులో జరిగింది. కింద టెంటులో అంబులెన్సు ఇంజను వేసి ఉంచారు. వీడియోగ్రాఫరు పెళ్ళిళ్ళవాడు, నన్ను కొంచెం ఎడమకు జరగమన్నాడు. జరిగాను.

"నిందితుడు త్రియంబకం!" దండపాణి గారి గొంతు మళ్ళీ గ్రాంథికంలోకి ఎక్కింది. "నీవు స్వామివారి నైవేద్యమున ఏమి కలిపితివి?"

మా ఆయన గొంతు వినపడింది. మైకు దూరంగా ఉన్నట్టుంది. "ఇంగువండీ."

అబద్ధం ఆడడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

"మరొక్కసారి ఆలోచించి చెప్పుము. దాని నామమేమి?"

"ఇంగువేనండీ. పిండి కలపనిది. పిండి కలిపింది నేనెప్పుడూ తీసుకోలేదండీ."

తర్వాత దండపాణి గారు గొంతు సవరించుకున్నారు.

"సైనికులారా! శ్రద్ధగా వినుడు. ఇది పరీక్షలో అడిగెడి ప్రశ్న. ఇంగువ విదేశీయము. హింగువు స్వదేశీయము, సంస్కృతము, చూర్ణములలో మొదటిది. ఈ మనుష్యుడు కలిపినది హింగువు. అజ్ఞానముచే ఇంగువ అనుచున్నాడు. కనుక దోషము పదార్థమున లేదు, ఉచ్చారణమున ఉన్నది. ఉచ్చారణ దోషమునకు శిక్ష?"

సేన తడబడింది. ఇది క్లాసులో చెప్పలేదు.

"మరణశిక్ష కాదు!" అని కొండలు అరిచాడు. ఆపుకోలేక, "మాస్టారూ, అయితే పులిహోర చేసుకోవచ్చా?" అన్నాడు.

"చింతపండును తింత్రిణి అనినచో, చేసుకొనవచ్చును" అన్నారు దండపాణి గారు.

కొండ దద్దరిల్లింది. తుపాకులు గాల్లోకి పేల్చారు. అంబులెన్సు డ్రైవరు పని అయిపోయిందనుకుని పైకి బయల్దేరబోతే నేను అడ్డంపడి ఆపాను.

విశ్వంభరరావు గారి ఆనందానికి హద్దు లేదు. "చూశారా అమ్మా? ఒక్క పదంతో తేలిపోయింది. ప్రభుత్వానికి పదాల కొరత ఎప్పుడూ లేదు" అన్నారు.

ఆ సాయంత్రమే ఒప్పందం జరిగింది. దర్శనం ముగించుకున్న భక్తులు టోకెన్లు చూపించి చెప్పులు తీసుకుని వెళ్ళిపోయారు. ఉత్సవ సామగ్రిని బోదెల్లో పెట్టుకుని వెళ్ళారు. మా ఆయన అందరికంటే ఆఖరున వచ్చారు, సామాన్ల గదికి తాళం వేసి. నన్ను చూసి, నవ్వాలో వద్దో తెలియనట్టు నిలబడ్డారు. చొక్కా నిండా ఇంగువ వాసన. జనం చూస్తున్నారని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇల్లు వచ్చేవరకూ వదల్లేదు.

* * *

ఇప్పుడు గుడిలో పులిహోర వండేవాడు దినుసులన్నీ శ్లోకంలా వప్పజెప్పాలి. తింత్రిణి, మరీచిక, హింగు. మరీచిక అంటే ఎండమావి కదా అని తెలుగు మాస్టారొకాయన అడిగితే, మిరపకాయకు ఉపసంఘం అదే ఖరారు చేసిందని చెప్పారట. ఇంగువ పంపిన కాంట్రాక్టరే హింగు పంపుతున్నాడు. అందులో పిండి ఎక్కువని తింటే తెలుస్తుంది. బస్టాండులో కండక్టర్లు మళ్ళీ ఊరి పేరు అరుస్తున్నారు.

దండపాణి గారిని ధర్మకర్తల మండలిలో నైవేద్య శుద్ధి సలహాదారుగా తీసుకున్నారు. మా వరసలోనే, మా పక్క క్వార్టరే ఇచ్చారు. కొండలు గుడి గేటు మీద పనిచేస్తున్నాడు. టిక్కెట్లు చాలా శ్రద్ధగా చింపుతాడు.

మా ఆయనకు మెమో వచ్చింది. సర్వీసు మొత్తంలో నిషిద్ధ పదాన్ని ఎందుకు వాడారో, సర్కారు డబ్బాకు చిల్లు ఎలా పడిందో సంజాయిషీ చెప్పమన్నారు. చెప్పారు. తృప్తికరంగా లేదని ఆయన్ను చెప్పుల స్టాండుకు మార్చారు. అక్కడ కూడా ఆయన జతలు తప్పిపోనివ్వరు. ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ రెండుసార్లు కడుక్కుని, వంటింటి గడప దగ్గర కాసేపు ఊరికే నిలబడతారు.

నిన్న సాయంత్రం పెరటి తలుపు ఎవరో మెల్లిగా తట్టారు. తీశాను. దండపాణి గారి భార్య సుగుణ. చేతిలో చిన్న స్టీలు డబ్బా, కొంగు చాటున.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. మా వారికి మళ్ళీ కడుపుబ్బరం. ఆ పొడి నేను చేస్తే కుదరడం లేదు. గుడి నుంచి వచ్చిన హింగులో పసే లేదు. మీ దగ్గర కాస్త మంచి హింగు ఉంటే..."

మంచం మీద పడుకున్న మా ఆయన లేచి కూర్చున్నారు. "ఎవరికే?" అన్నారు.

"పక్కింటి వారికి."

నేను ముందు అరలో ఉన్న డబ్బా తియ్యబోతే ఆయన లేచి వంటింట్లోకి వచ్చారు. "అది కాదు. వెనకది. అది అసలుది" అని తనే తీసి, మూత తెరిచి, కళ్ళు మూసుకుని ఒక్కసారి వాసన చూశారు. ఆ మొహం నేను చూసి ఎన్నాళ్ళయిందో. డబ్బా నా చేతికిచ్చి వెళ్ళి పడుకున్నారు.

నేను పెరట్లోకి వచ్చాను.

"హింగు అయితే మా ఇంట్లో లేదమ్మా సుగుణా. ఇంగువే ఉంది."

సుగుణ గోడ అవతల తమ కిటికీ వంక ఒకసారి చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"అదే ఇవ్వండి వదినగారూ. కాస్త ఎక్కువే ఇవ్వండి. తీసుకెళ్ళి హింగు డబ్బాలో పోసేస్తాను."